నిద్రకు అడ్డుపడే ట్యూబ్‌లైటు

రాత్రి తొమ్మిదిన్నర. మూడేళ్ల పిల్లవాడు మంచం మీద నుంచి దిండు మీదికి, దిండు మీద నుంచి తండ్రి వీపు మీదికి దూకుతున్నాడు. ‘‘వీడికి అసలు నిద్రే రాదు’’ అని తల్లి వాపోతుంది. వాడి కళ్లు ఎర్రబడ్డాయి. చెవి లాక్కుంటున్నాడు. డబ్బా మూత రాలేదని ఇల్లు ఎగిరిపోయేలా ఏడుస్తున్నాడు. ఎనిమిది గంటలప్పుడు, అన్నం ముద్ద నోట్లో ఉండగానే వాడు ఒకసారి తూలాడు. ఎవరూ గమనించలేదు. టీవీలో సీరియల్ మంచి పట్టులో ఉంది.

‘నిద్రపుచ్చడం’ అనే మాటలోనే ఆ పని మనదన్న ధీమా ఉంది. నిజానికి అందులో చాలా భాగం పిల్లల మెదడు తానే చూసుకుంటుంది. మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పేరుకుంటూ ఉంటుంది. అది పెరిగేకొద్దీ మగత కమ్ముతుంది. (కాఫీ చేసే మాయంతా ఈ అడినోసిన్‌ను కాసేపు అడ్డుకోవడమే.) పెద్దవాళ్లు పదహారు గంటలదాకా ఈ బరువును మోయగలరు. పసివాళ్లలో అది త్వరగా నిండుతుంది, అందుకే వాళ్లకు పగటి కునుకు కావాలి.

అడినోసిన్ కాక, నిద్రను నడిపే రెండోది మెదడులోని గడియారం. కంటి నరాలు ఒకదానినొకటి దాటే చోటికి కాస్త పైన, సుమారు ఇరవై వేల కణాల చిన్న ముద్ద ఒకటి ఉంది. రాత్రీ పగలూ తేడా శరీరానికి చెప్పేది అదే. పుట్టినప్పుడు ఈ గడియారం ఇంకా కుదురుకోదు. రెండు మూడు నెలలు గడిస్తే గాని రాత్రి నిద్ర, పగటి నిద్ర వేరు పడవు. చీకటి పడ్డాక ఈ గడియారం సంకేతంతోనే మెలటోనిన్ అనే హార్మోన్ విడుదలై, శరీరాన్ని నిద్రకు సిద్ధం చేస్తుంది. వెలుగు పడితే ఆ విడుదల ఆగిపోతుంది.

ఎంతగా ఆగిపోతుంది? 2018లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయ పరిశోధకులు మూడు నుంచి ఐదేళ్ల వయసున్న పదిమంది పిల్లల ఇళ్లకే వెళ్లారు. కిటికీలు మూసి, మసక దీపాలు పెట్టి ఇంటిని గుహలా మార్చారు. ఆ తర్వాత ఒక సాయంత్రం, పడుకునే ముందు గంటసేపు, కింద నుంచి వెలుగు వచ్చే బల్ల మీద పిల్లల చేత రంగులు వేయించారు. లాలాజలం పరీక్షించి చూస్తే మెలటోనిన్ 88 శాతం పడిపోయింది. దీపం తీసేసిన యాభై నిమిషాల తర్వాత కూడా ఎక్కువమందిలో అది కోలుకోలేదు.

ఆ బల్ల వెలుగు వెయ్యి లక్స్ (లక్స్ అంటే వెలుగును కొలిచే ప్రమాణం). మన ఇంట్లో అంత వెలుగెక్కడిది అనిపిస్తుంది. నాకూ అనిపించింది. కానీ 2022లో అదే బృందం 36 మంది పిల్లలపై రకరకాల వెలుగులు ప్రయత్నించింది. 5 నుంచి 40 లక్స్‌లోనే, అంటే మామూలు గది దీపం కన్నా మసక వెలుగులోనే, మెలటోనిన్ సగటున 78 శాతం తగ్గింది. పిల్లల కంటిపాప పెద్దది, కటకం స్వచ్ఛమైనది. మనకు ‘కాస్త వెలుగు’ అయినది వాళ్లకు మిట్టమధ్యాహ్నం కావచ్చు. ఇక ఫోను మొహానికి జానెడు దూరంలో ఉంటుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిన లెక్క ప్రకారం ఒకటి రెండేళ్ల వాళ్లకు రోజుకు 11 నుంచి 14 గంటలు, మూడు నాలుగేళ్ల వాళ్లకు 10 నుంచి 13 గంటల నిద్ర అవసరం. పగటి కునుకు కూడా ఇందులోదే. స్కూలు బస్సు కోసం ఎల్‌కేజీ పిల్ల ఆరున్నరకు లేవాలి, బడిలో పడుకోనివ్వరు అనుకుందాం. ఆ పిల్లకు పది గంటలైనా దక్కాలంటే ఎనిమిదిన్నరకు కన్ను మూయాలి. మన ఇళ్లలో చాలాచోట్ల ఎనిమిదిన్నరకు కుక్కర్ కూత వేస్తూ ఉంటుంది. 2010లో ప్రచురితమైన ఒక అధ్యయనం, మన దేశంతో సహా 17 చోట్ల, మూడేళ్లలోపు పిల్లలు 29 వేల మందికి పైగా ఎలా నిద్రపోతున్నారో అడిగి తెలుసుకుంది. న్యూజిలాండ్‌లో వాళ్లు సగటున రాత్రి 7.27కు పడుకుంటే, హాంకాంగ్‌లో 10.17 అవుతోంది. ఆసియా పిల్లలు మొత్తం మీద తక్కువ నిద్రపోతున్నారు.

తండ్రి ఆఫీసు నుంచి తొమ్మిదికి వస్తే, బిడ్డ మొహం చూడకుండా పడుకోబెట్టమనడం నా వల్ల కాదు. ఆ ఇంట్లో ట్యూబ్‌లైటు ఆర్పి, మూలన ఒక చిన్న పసుపు బల్బు వేసుకోవడమైనా సాధ్యమే. పిల్లకు ముందే అన్నం పెట్టడమూ సాధ్యమే. రోజూ అదే వరసలో గోరువెచ్చని స్నానం, కాస్త ఒళ్లు మర్దన, ఒక జోలపాట ఉంటే పిల్లలు త్వరగా నిద్రపోతున్నారని 2009లో 405 మంది తల్లులతో జరిపిన అధ్యయనంలో తేలింది. వెచ్చని నీళ్లు చర్మానికి రక్తాన్ని రప్పిస్తాయి. ఆ తర్వాత లోపలి వేడి తగ్గుతుంది, ఆ చల్లబడటమే నిద్రకు దారి. ఇవన్నీ చేసినా బిడ్డ రోజూ గురక పెడుతూ, నోటితో ఊపిరి తీస్తుంటే మాత్రం ఎదురుచూడకుండా వైద్యుడికి చూపించాలి.

చంటిపిల్లల విషయంలో ఇంకో చిక్కు ఉంది. భుజం మీద హాయిగా నిద్రపోయిన బిడ్డ పక్క మీద వేయగానే కెవ్వుమంటాడు. జపాన్‌లోని రికెన్ సంస్థ వాళ్లు 2022లో 21 మంది శిశువుల గుండె లయను కొలుస్తూ దీన్ని పరిశీలించారు. పరుపు తగలడం వల్ల మెలకువ రావడం లేదు. తల్లి ఒంటి నుంచి విడిపోవడం మొదలైన క్షణంలోనే గుండె వేగం మారుతోంది. అందుకని వాళ్లు సూచించిన పద్ధతి ఇది: ఏడ్చే బిడ్డను ఎత్తుకుని ఐదు నిమిషాలు ఆగకుండా నడవాలి, నిద్రపోయాక ఎత్తుకునే మరో ఐదు నుంచి ఎనిమిది నిమిషాలు కూర్చోవాలి, ఆ తర్వాతే పక్క మీద వెల్లకిలా పడుకోబెట్టాలి.

మా అమ్మ మనవణ్ణి వరండాలో అటూ ఇటూ తిప్పి, వాడి తల వాలిపోయాక కూడా దించేది కాదు. వాలుకుర్చీలో కూర్చుని తీరిగ్గా ఆకూ వక్కా నమిలేది. ‘‘వాడు పడుకున్నాడుగా, ఇంకెందుకమ్మా మోస్తావు?’’ అని నేను అడిగితే, నోరు పండాక దించుతానులే అని చేత్తో సైగ చేసేది.