పది గజాల తగాదా

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

నేనూ నానమ్మా ఇక్కడ డాలస్‌లో మీ అత్తయ్యవాళ్ళింట్లో క్షేమం. మొన్న ఫోన్లో మీరు "అమెరికావాళ్ళు ఫుట్‌బాల్ అంటారు, చేత్తో పట్టుకుని పరిగెడతారేంటి తాతయ్యా?" అని అడిగితే ఏదో చెప్పి తప్పించుకున్నాను. నిజానికి నాకూ తెలీదు. పోయిన శుక్రవారం మీ బావ వాళ్ళ స్కూల్లో మ్యాచ్ ఉందని తీసుకెళ్ళారు. వాడు ఆడడు, బ్యాండులో డ్రమ్ము వాయిస్తాడు. టెక్సస్‌లో శుక్రవారం రాత్రి స్కూలు మ్యాచ్ అంటే తిరునాళ్ళే, ముసలీ ముతకా అందరూ వస్తారు.

మొదటి అరగంట నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. హెల్మెట్ల వాళ్ళు ఎదురెదురుగా బారులు తీరతారు, ఒకళ్ళ మీద ఒకళ్ళు పడతారు, లేస్తారు. ఐదు సెకన్లు ఆట, అరనిమిషం ఖాళీ. ఇక లాభం లేదని పాప్‌కార్న్ పని పడుతున్నాను. అంతలో ఆట ఆపి, ఇద్దరు మనుషులు రెండు కర్రలు పట్టుకుని మైదానంలోకి వచ్చారు. కర్రల మధ్య గొలుసు, సరిగ్గా పది గజాలు. వెనక కర్ర మావాళ్ళు మొదలుపెట్టిన చోటికి తిన్నగా పెట్టి, గొలుసు బిగించి లాగి, ముందు కర్ర బంతి పక్కన నిలబెట్టారు. బంతి ముక్కు కర్రకి బెత్తెడు ఇవతలే ఉంది. మా వైపు జనమంతా 'అయ్యో' అన్నారు, అవతల ఒకటే కేకలు. సర్వేయరు గొలుసు లాగుతుంటే గట్టు మీద నిలబడి ఊపిరి బిగబట్టే రైతులే గుర్తొచ్చారు నాకు. ఓహో, ఇది భూమి తగాదా అనుకున్నాను. అక్కడి నుంచి ఆట దానంతటదే తెలిసింది.

మైదానం 100 గజాలు, రెండు చివర్లా మరో పదేసి గజాల ఎండ్ జోన్. జట్టుకి 11 మంది. బంతి ఎవరి దగ్గరుంటే వాళ్ళకి నాలుగు ప్రయత్నాలు, వాటినే డౌన్లు అంటారు. నాలుగింటిలో పది గజాలు ముందుకెళితే మళ్ళీ కొత్తగా నాలుగు, లేకపోతే బంతి అవతలివాళ్ళది. అందుకే మూడు అయిపోయి దూరం ఇంకా మిగిలితే, చాలాసార్లు నాలుగోదానికి బంతిని వీలైనంత దూరం తన్నేస్తారు. ఎలాగూ పోయే బంతి మన గుమ్మం దగ్గర కాకుండా వాళ్ళ గుమ్మం దగ్గర పోవాలని. బంతితో ఎండ్ జోన్ చేరితే టచ్‌డౌన్, 6 పాయింట్లు. స్తంభాల మధ్య నుంచి తన్నే ఫీల్డ్ గోల్‌కి 3. మిగతావి చూస్తూ ఉంటే వచ్చేస్తాయి.

ఇక మీ ప్రశ్న. 1869 నవంబర్ 6న న్యూజెర్సీలో రట్గర్స్, ప్రిన్స్‌టన్ కాలేజీలు ఆడిన మొదటి మ్యాచ్‌లో బంతి గుండ్రంగానే ఉంది, చేత్తో పట్టుకుని పరిగెత్తకూడదు. జట్టుకి 25 మంది! తర్వాత రగ్బీ పద్ధతి వచ్చి బంతి చేతికెక్కింది, పేరు మాత్రం కాలి దగ్గరే ఉండిపోయింది. 1880లో యేల్ కాలేజీ ఆటగాడు వాల్టర్ క్యాంప్ 11 మంది చాలన్నాడు, ఆట ఆగినప్పుడల్లా బంతి ఎవరి దగ్గరుంటే వాళ్ళే మళ్ళీ మొదలుపెట్టాలన్నాడు. దాంతో కొత్త తంటా వచ్చింది. మరుసటేడు యేల్, ప్రిన్స్‌టన్ చెరో సగం ఆట బంతిని వదలకుండా కూర్చున్నాయి. పాయింట్లు సున్నా, జనానికి ఒళ్ళు మండింది. ఆ మొండితనానికి మందుగానే 1882లో 'మూడు డౌన్లలో ఐదు గజాలు' అనే నియమం పెట్టారు. అది కొలవడానికే నేల మీద అన్ని గీతలు.

ఐదు గజాల కోసం అందరూ గుంపుగా కుమ్ముకోవడంతో ప్రాణాలే పోయేవి. 1905లో పదిమందికి పైగా కుర్రాళ్ళు చనిపోయారు. అధ్యక్షుడు రూజ్‌వెల్టే పెద్ద కాలేజీల వాళ్ళని వైట్‌హౌస్‌కి పిలిచి మాట్లాడాడు. 1906లో బంతిని ముందుకి విసరనిచ్చారు, ఐదు గజాలు పది చేశారు. నాలుగో డౌన్ 1912లో వచ్చింది. ఇప్పుడు టీవీలో క్వార్టర్‌బ్యాక్, అంటే ఎత్తు నడిపే ఆటగాడు, చెయ్యెత్తి విసిరే ఆ పొడుగాటి పాస్ ఉందే, అది ఆ 1906 మార్పుతోనే పుట్టింది.

దాదాపు ప్రతి డౌన్‌కీ ముందు ఆటగాళ్ళు గుండ్రంగా తలలు దగ్గరపెట్టి గుసగుసలాడుకుంటారు, హడిల్ అంటారు. అది వాషింగ్టన్‌లోని గాలడెట్ బధిరుల కాలేజీలో 1890ల్లో మొదలైందని చెబుతారు. వాళ్ళు చేతి సైగలతో మాట్లాడుకుంటారు కదా, ఎదుటి జట్టు కూడా బధిరులదైతే ఎత్తు తెలిసిపోతుంది. అందుకని వీపులు అడ్డం పెట్టుకున్నారు. మొత్తం ఆటలో నాకు బాగా నచ్చింది ఇదే.

ఫిబ్రవరిలో సూపర్ బౌల్, అంటే ఇక్కడి పెద్ద లీగు ఫైనల్, ఉంది. గంట ఆటకి మూడు గంటలకు పైనే పడుతుందట, అక్కడ మీకు తెల్లవారుజామవుతుంది. అమ్మ ఒప్పుకుంటేనే లేవండి.

ఆ బెత్తెడు మావాళ్ళకి నాలుగో డౌన్‌లో తక్కువైంది. ఓడిపోయారు. మీ బావ మాత్రం ఇల్లు చేరేదాకా కారు సీటు మీద దరువేస్తూనే ఉన్నాడు.

మీ తాతయ్య