ఏటి ఒడ్డు రెల్లు, చెరకు తోటకు చుట్టం

నాగావళి, వంశధార ఇసుక దిబ్బల మీద వానలు వెనకపట్టగానే తెల్లగా విరబూసే రెల్లును శ్రీకాకుళం జిల్లాలో ఎరగనివారు ఉండరు. 1771లో స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ దీనికి శాకరం స్పాంటేనియం అని పేరు పెట్టాడు. చెరకుదీ ఇదే శాకరం ప్రజాతి, అంటే దగ్గరి చుట్టాల గుంపు.

ఈ బహువార్షిక గడ్డి బలమంతా నేల కింద ఉంది. అడ్డంగా పాకే దాని కొమ్ములకు కణుపు కణుపునా వేళ్లూ మొగ్గలూ ఉంటాయి కనుక, వరద పైభాగాన్ని ఈడ్చుకుపోయినా, మీద ఇసుక మేట వేసినా, దుబ్బు మళ్లీ చిగురిస్తుంది. చేలోకి దిగిన రెల్లును దున్ని వదిలించుకోవాలని చూసే రైతు, తెగిన ప్రతి కొమ్ము ముక్కనూ పొలమంతా నాటినవాడే అవుతాడు.

సన్నని గెడలు సాధారణంగా ఒకటి నుంచి నాలుగు మీటర్లు పెరుగుతాయి. ఆకులు పొడవుగా, ఇరుకుగా ఉంటాయి. నడిమి ఈనె తెలుపు, అంచులు రంపపు పళ్లలా చేతిని కోస్తాయి. అసలు చూడవలసింది పూత. వెండిరంగు వెన్నులో చిరుకంకులు జంటలుగా ఉంటాయి. ఒకటి కాడకు అంటుకొని, రెండోది చిన్న తొడిమ మీద. జొన్నలో ఇలాంటి జంటలో ఒకదానికే గింజ పడుతుంది, రెల్లులో రెండూ ద్విలింగాలే, అంటే రెండింటికీ గింజ పడగలదు. ఒక్కో చిరుకంకి పొడవు కొద్ది మిల్లీమీటర్లే గాని, దాని అడుగున పుట్టే పట్టులాంటి రోమాలు అంతకు రెండు మూడు రెట్లు పొడవుంటాయి. మనం పూల తెలుపనుకునేది ఈ రోమాలనే. ముదిరాక వెన్ను కణుపుల వద్ద విరిగి, గింజ ఆ రోమాలతోనే గాలికి ఎగిరిపోతుంది.

గెడలో పీచు ఎక్కువ, తీపి తక్కువ. అయినా కోయంబత్తూరులో 1912లో వృక్షశాస్త్రవేత్త బార్బర్ తీపి చెరకును రెల్లుతో సంకరపరిచాడు. కో 205 రకం అలా పుట్టింది. మామూలుగా తల్లి నుంచి సగం క్రోమోజోములే (వంశ లక్షణాలను మోసే పోగులు) సంతానానికి వస్తాయి, కానీ ఈ సంకరంలో తల్లి చెరకు తరచు తన 80 క్రోమోజోములనూ అందిస్తుంది. తరువాత మళ్లీ మళ్లీ తీపి చెరకుతో కలపడం వల్ల, నేటి రకాల క్రోమోజోముల్లో రెల్లువి సుమారు 10 నుంచి 20 శాతమే మిగిలాయి. ఆ కొద్దిపాటి వాటాయే నీటి ఎద్దడిని, తెగుళ్లను తట్టుకునే శక్తిని ఇచ్చింది. చెరకు పండే సంకిలి, సీతానగరం పరిసరాల్లో గెడ నరికాక అదే మోడు నుంచి కార్శి తోట లేస్తుందంటే, అందులోనూ రెల్లు వాటా ఉంది.