ఖాళీ పెనాన్ని ముందే ఎందుకు కాల్చాలి?

చిరంజీవులు చంటికి, బుజ్జితల్లికి తాతయ్య ఆశీస్సులు.

మొన్న వీడియో కాల్‌లో మీ అత్తయ్య మొక్కజొన్న పిండితో కార్న్‌బ్రెడ్ అనే రొట్టె చేస్తుంటే చూశారు కదా. "తాతయ్యా, అత్తయ్య పిండి పొయ్యకుండానే ఖాళీ పెనాన్ని ఓవెన్‌లో పెట్టేసిందేంటి?" అని చంటి అడిగాడు. నేను నోరు తెరిచేలోపే మీ అమ్మ అన్నానికి పిలిచింది, మీరు వెళ్ళిపోయారు. ప్రశ్న మాత్రం నాకు చాలా నచ్చింది. ఈ రొట్టె బాగా కుదిరేదీ, చెడిపోయేదీ ఆ ఖాళీ పెనం దగ్గరే. హడావుడిగా ఫోనులో చెప్పే సంగతి కాదని కూర్చుని రాస్తున్నాను.

మీకు దిబ్బరొట్టె తెలుసుగా. అమ్మమ్మ ఎలా చేస్తుంది? ముందు ఇనప మూకుడు పొయ్యి మీద పెట్టి, నూనె ధారాళంగా పోసి, అది బాగా కాగేదాకా అక్కణ్ణుంచి కదలదు. కాగాక మినప్పిండి గరిటెలతో పోస్తుంది. పోయగానే చుంయ్‌మంటుంది, అంచుల చుట్టూ నూనె బుడబుడలాడుతుంది. ఆ చప్పుడు వచ్చినప్పుడే అడుగున సన్నటి పొర ఒకటి గట్టిపడిపోతుంది. ఆ పొర పిండిని ఇనుముకి అంటుకోనివ్వదు. కాసేపటికి అదే ఎర్రగా కాలి కరకరలాడే చెక్కు అవుతుంది. మూకుడు కాగకముందే పోశామనుకోండి, పిండి ఇనుముని పట్టుకుని వదలదు. రొట్టె సగం చేతికి, సగం మూకుడుకి వస్తుంది.

కార్న్‌బ్రెడ్‌దీ అదే కథ. అక్కడ మూకుడు, ఇక్కడ పోత ఇనుము పెనం. ఈ పెనం ఎంత బరువంటే బుజ్జితల్లి ఒంటిచేత్తో ఎత్తలేదు. నిదానంగా వేడెక్కుతుంది. కానీ ఒకసారి వేడెక్కాక చల్లటి పిండి వచ్చి పడినా ఓ పట్టాన చల్లారదు. అందుకే ఓవెన్‌ని 450 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి పెట్టి (మన లెక్కలో 230 సెల్సియస్) పెనాన్ని ముందే లోపల పెట్టేస్తారు. పిండి కలిపేలోపు అది నిలువెల్లా కాగి కూర్చుంటుంది.

దిబ్బరొట్టె అనగానే మా నాయనమ్మ గుర్తొస్తుంది. కోనసీమలో మా ఊళ్ళో అప్పట్లో గ్యాసు లేదు. కొబ్బరిచిప్పలు కాల్చి, మంట ఆరాక ఆ నిప్పుల మీద మూకుడు పెట్టేది. ఇత్తడి పళ్ళెం మూతపెట్టి, దాని మీద కూడా రెండు మూడు నిప్పులు వేసేది. కింద సెగ, పైన సెగ. మేం పిల్లలందరం చుట్టూ చేరేవాళ్ళం. మూత తీసి చూడాలని చేతులు దురద పెట్టేవి. "రొట్టె అయితే వాసనే పిలుస్తుంది, మీరు ఊరుకోండిరా" అనేది. నిజంగానే పిలిచేది. రొట్టె తీసి బోర్లించి తుంచేటప్పుడు అడుగు చెక్కు ఎవరికని గొడవ. దాని మీద చెరకు పానకం పోసుకుని తింటే మళ్ళీ మధ్యాహ్నం దాకా ఆకలి ఉండేది కాదు. మేముంటున్న ఈ అమెరికాలో కూడా ఓవెన్లు రాకముందు అచ్చం ఇలాగే చేసేవారు. కాళ్ళున్న ఇనప గిన్నెలో పిండి పోసి, అంచు ఉన్న మూత పెట్టి, మూత మీద నిప్పులు పేర్చేవారు. మా నాయనమ్మకీ వాళ్ళకీ ఒకరి సంగతి ఒకరికి తెలియదు. ఇనుమూ నిప్పూ ఇద్దరికీ ఒకే పాఠం చెప్పాయి.

టెనెసీ రాష్ట్రంలో మేముండే చట్టనూగకి దగ్గర్లోనే సౌత్ పిట్స్‌బర్గ్ అని చిన్న ఊరు ఉంది. 1896 నుంచి లాడ్జ్ అనే కుటుంబం వాళ్ళు ఈ పెనాలు పోతపోస్తున్నది అక్కడే. 1997 నుంచి ఏటా వసంతకాలంలో ఆ ఊళ్ళో కార్న్‌బ్రెడ్ పండగ కూడా జరుగుతోంది. రొట్టెకి ఒక పండగ! మన దిబ్బరొట్టెకి కూడా చెయ్యాలని నాకు గట్టిగా ఉంది.

అయితే ఈ రొట్టెని పుట్టించింది ఆ ఊరు కాదు, కంపెనీ కాదు. మొక్కజొన్నని సుమారు 9000 ఏళ్ళ కిందట మెక్సికోలో అక్కడి జనం ఒక అడవి గడ్డి నుంచి సాగులోకి తెచ్చారు. అది మెల్లగా ఉత్తరానికి వచ్చింది. తెల్లవాళ్ళు రాకముందే ఇక్కడి ఆదివాసులైన చెరోకీలు, చోక్టాలు, మస్కోగీలు దీన్ని దంచి రొట్టెలు కాల్చుకునేవారు. నేను ఇప్పుడు కూర్చున్న ఈ నేల చెరోకీలదే. 1838లో వాళ్ళని ఇళ్ళలోంచి తరిమి పడమటికి పంపేశారు. కొందరిని ఈ ఊరి రేవులోనే పడవలెక్కించారు. దారిలో వేలమంది చనిపోయారు. తర్వాత ఈ పిండి మీదే బతుకులు ఈడ్చినవాళ్ళు ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసలూ, వాళ్ళ పిల్లలూ. మేరీలాండ్‌లో బానిసగా పుట్టిన ఫ్రెడరిక్ డగ్లస్ పెద్దయ్యాక రాసుకున్నాడు, పొలంలో పనిచేసే మనిషికి నెలకి ఇచ్చేది ఎనిమిది పౌన్ల పంది మాంసమో, దానికి బదులు చేపలో, ఒక బుషెల్ (ఓ పెద్ద బుట్టెడు) మొక్కజొన్న పిండీ అని. అంతే. ఆ పిండితోనే ఇళ్ళల్లో అమ్మలు పిల్లల్ని పెంచారు. కార్న్‌బ్రెడ్ తినేటప్పుడు వాళ్ళని ఒకసారి తలుచుకోండి. రుచి అన్నది డబ్బున్న వంటిళ్ళలోనే పుడుతుందనుకోకూడదు.

ఇంకో మాట. చెరోకీలు మొక్కజొన్నని బూడిద నీళ్ళలో ఉడికించేవారు, మెక్సికోలో సున్నపు నీళ్ళలో. అలా ఉడికిస్తే గింజలో దాగున్న ఒక విటమిన్ ఒంటికి పడుతుంది. గింజని తీసుకున్నవాళ్ళు ఆ పద్ధతిని వదిలేశారు. తర్వాత పేదలు మూడుపూటలా ఈ పిండే తినాల్సి వచ్చేసరికి చర్మం పగిలి, మతి తప్పే పెల్లాగ్రా అనే జబ్బు అమెరికా దక్షిణాది రాష్ట్రాలని పట్టి పీడించింది. 1914 నుంచి డాక్టర్ గోల్డ్‌బర్గర్ ఊరూరా తిరిగి, ఇది అంటువ్యాధి కాదు, తిండిలో లోపమని తేల్చాడు. మన దక్కనులో జొన్నలే ఆధారంగా బతికే పేదల్లో కూడా ఇదే జబ్బు కనిపిస్తే, హైదరాబాద్‌లో డాక్టర్ గోపాలన్ దాని మీద చాలా పరిశోధన చేశారు. అందుకని బుజ్జితల్లీ, రొట్టె ఎంత బాగున్నా పక్కన పప్పూ ఆకుకూరా ఉండాలి. ఇక్కడివాళ్ళు కూడా బీన్సు, ఆకుకూర పెట్టుకునే తింటారు. నువ్వు తోటకూర పక్కకి నెట్టేస్తున్నావని మీ అమ్మ చెప్పింది.

సరే, మన ఇంట్లో ఎలా చెయ్యాలో చెప్తాను. షాపులో కార్న్‌ఫ్లోర్ అని తెల్లగా, మెత్తగా ఉండే పొడి ఇస్తారు, అది వద్దు. ఎండు మొక్కజొన్నలు పిండిమరకి తీసుకెళ్ళి, బొంబాయి రవ్వ కంటే కాస్త సన్నగా పట్టించండి. తాజాగా పట్టించింది తొందరగా ముక్కవాసన వస్తుంది, గింజలో నూనె ఉంటుంది కాబట్టి ఫ్రిజ్‌లో పెట్టుకోవాలి. రెండు కప్పుల పిండిలో ఒక చెంచా ఉప్పు, ఒక చెంచా బేకింగ్ పౌడర్, ఒక చెంచా వంటసోడా కలపండి. చెంచా అంటే టీ చెంచా, అదీ తలకొట్టి. ఇంకో గిన్నెలో రెండు గుడ్లు గిలక్కొట్టి, రెండు కప్పుల చిక్కటి పుల్ల మజ్జిగ పోయండి. ఈలోపు పెనం కాగుతూ ఉంటుంది. రెండూ కలిపి గరిటెతో నాలుగు తిప్పులు తిప్పండి, చాలు. పిండి మీద బుడగలు లేస్తాయి. పులుపూ సోడా కలిశాయన్నమాట. ఆ బుడగలు ఆరిపోకముందే పెనంలో పడాలి, కాబట్టి కలిపాక కబుర్లు వద్దు.

ఇక్కడ పాతకాలం వాళ్ళు పెనంలో పంది కొవ్వు వేస్తారు. మా పక్కింటి పెద్దావిడ స్టవ్ పక్కనే ఒక డబ్బాలో దాచుకుంటుంది. అత్తయ్య నెయ్యి వేస్తుంది. నాలుగు చెంచాల నెయ్యి కాగిన పెనంలో వేసి, అంచులకి కూడా తగిలేలా తిప్పి, పిండి పోసెయ్యాలి. చుంయ్‌మనాలి. అనకపోతే పెనం ఇంకా కాగలేదన్నమాట. ఓవెన్‌లో ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు. పైన బంగారు రంగు వచ్చి, అంచులు పెనాన్ని వదిలి లోపలికి జరిగితే అయినట్టే. ఓవెన్ లేకపోతే అమ్మమ్మ మూకుడే చాలు. సన్నటి సెగ మీద బరువైన మూత పెట్టి, ఒక వైపు కాలాక జాగ్రత్తగా తిరగెయ్యాలి. పెనం పట్టుకునే పని మాత్రం పెద్దవాళ్ళది. పిడి కూడా పెనమంత వేడిగానే ఉంటుంది, చూస్తే తెలియదు.

దిబ్బరొట్టెని తుంచితే ముక్కలుగా సాగుతూ వస్తుంది. ఇది మాత్రం పొడిపొడిగా రాలుతుంది. మినప్పిండికి ఉన్న జిగురు మొక్కజొన్నకి లేదు, గోధుమకి ఉన్న సాగుడు కూడా లేదు. ఉన్న కాస్త పట్టూ గుడ్డుదే. ఆ రాలడం లోపం కాదు. మిగిలిన రొట్టెని ఇక్కడివాళ్ళు గ్లాసులో చిదిపి, చల్లటి మజ్జిగ పోసుకుని చెంచాతో తింటారు. చాలా బాగుంటుంది. పంచదార వేస్తారా అంటే, ఇక్కడి ఉత్తరాది వాళ్ళు వేస్తారు, మైదా కూడా కలుపుతారు. దక్షిణాదిలో చాలామంది ఒప్పుకోరు. నేనూ ఒప్పుకోను. మంచి గింజకి తనదైన తీపి ఉంటుంది.

పెనం కడిగాక నీళ్ళలో నానబెట్టకండి. తుడిచి, పొయ్యి మీద తడి ఆర్చి, రెండు చుక్కల నూనె రాసి పెడితే మీ పిల్లల కాలం దాకా ఉంటుంది.

ఇప్పుడు మీకు వానాకాలం, బజారులో లేత పొత్తులు వచ్చి ఉంటాయి. ఆకులు ఒలవని పొత్తు ఒకటి తెచ్చుకోండి. ఆకులు ఒక్కొక్కటిగా నెమ్మదిగా తియ్యండి, పీచు తెంపకండి. ఒక్క పోగుని వేళ్ళతో పట్టుకుని కిందిదాకా వెళ్ళండి, సరిగ్గా ఒక్క గింజ దగ్గర ఆగుతుంది. ప్రతి గింజకీ తన పోగు ఉంటుంది. పుప్పొడి దాని కొసన పడి, అంత పొడవునా లోపలికి ప్రయాణం చేస్తేనే ఆ గింజ పుడుతుంది. గింజ లేని ఖాళీ కనిపించిందంటే దాని పోగుకి పుప్పొడి అందలేదన్నమాట. ఆ తర్వాత పొత్తు చుట్టూ నిలువు వరసలు లెక్కపెట్టండి. సరి సంఖ్య వస్తుందో, బేసి సంఖ్య వస్తుందో చూడండి. ఒక్క పొత్తుతో ఆపకండి. పక్కింటివాళ్ళ పొత్తులు కూడా అడిగి లెక్కపెట్టి, ఏం తేలిందో నాకు రాయండి.

మీ తాతయ్య