సికిల్ సెల్: అపోహలు - వాస్తవాలు

ఏటూరునాగారం, ఉట్నూరు వంటి ప్రాంతాల నుంచి వరంగల్‌కు వచ్చే కుటుంబాలకు రక్తపరీక్షల ఫలితాలను వివరించడం నా వృత్తి. సికిల్ సెల్ అంటే ఎర్రరక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే వంశపారంపర్య రక్తవ్యాధి. దాని గురించి వారి నోట తరచుగా వినిపించే మాటలను ఇక్కడ పరిశీలిస్తున్నాను.

అపోహ: ‘పాజిటివ్’ వచ్చిందంటే జబ్బు ఉన్నట్లే.

వాస్తవం: తొలి పరీక్షలో రక్తపు చుక్కను ద్రావణంలో కలిపి, గాజు గొట్టం వెనుక నల్లగీతల కాగితం పెట్టి చూస్తారు, ద్రావణం మసకబారి గీతలు కనబడకపోతే సికిల్ హిమోగ్లోబిన్ ఉందని అర్థం. అది ఎంత పాలు ఉందో ఈ పరీక్ష చెప్పదు కాబట్టి, తల్లిదండ్రులలో ఒక్కరి నుంచే మారిన జన్యువు అందిన వాహకులకూ, ఇద్దరి నుంచీ అందిన రోగులకూ ఒకే ఫలితం వస్తుంది. తేడా తేల్చేవి రక్తంలోని హిమోగ్లోబిన్ రకాలను వేరుచేసి చూపే హెచ్‌పీఎల్‌సీ, ఎలక్ట్రోఫోరెసిస్ పరీక్షలు. వాహకులలో మామూలు హిమోగ్లోబిన్ పాలే ఎక్కువ. వారు సాధారణంగా ఆరోగ్యంగానే జీవిస్తారు. ఆ రెండో పరీక్షకు ముందే, ఒక్క మాట పట్టుకుని కుదిరిన సంబంధం వదులుకోవడం అన్యాయం.

అపోహ: నలుగురిలో ఒకరికి వస్తుందన్నారు, పెద్దబిడ్డకు వచ్చింది కనుక మిగతావారికి భయం లేదు.

వాస్తవం: దంపతులిద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 25 శాతం, వాహకత్వం వచ్చే అవకాశం 50 శాతం, రెండూ లేకపోయే అవకాశం 25 శాతం. ముందు కాన్పులో ఏం జరిగిందన్నది తరువాతి కాన్పు లెక్కలోకి రాదు.

అపోహ: మేనరికం లేకపోతే రాదు.

వాస్తవం: మేనరికం ఈ జన్యువును పుట్టించదు, ఒకే పూర్వీకుని నుంచి అది దంపతులిద్దరికీ చేరే అవకాశాన్ని పెంచుతుంది. ఏ బంధుత్వమూ లేని ఇద్దరు వాహకులు పెళ్లాడినా పై లెక్కే వర్తిస్తుంది.

అపోహ: ఇది గిరిజనుల రక్తంలోని లోపం.

వాస్తవం: నన్ను ఎక్కువగా నొప్పించే మాట ఇదే. 11వ క్రోమోజోమ్‌పై ఉన్న బీటా గ్లోబిన్ జన్యువులో ఒక్క అక్షరం మారడం వల్ల హిమోగ్లోబిన్‌లో గ్లుటామిక్ ఆమ్లం అనే అమైనో ఆమ్లం ఉండవలసిన చోట వాలిన్ అనే మరొకటి చేరుతుంది. ఈ జన్యువు రెండు ప్రతులలో ఒక్కటి మాత్రమే మారినవారికి, అంటే వాహకులకు, ప్రాణాంతక ఫాల్సిపారం మలేరియా నుంచి చాలావరకు రక్షణ ఉంటుందని శాస్త్రవేత్త ఆంథొనీ ఆలిసన్ 1954లో తూర్పు ఆఫ్రికా పరిశీలనలతో చూపారు. మలేరియా తరతరాలుగా పిల్లలను బలిగొన్న చోట్ల వాహకులే ఎక్కువగా బతికి బట్టకట్టారు, జన్యువు నిలిచింది. అందుకే అది గోండు, కోయ, కోలాం సమాజాలలోనే కాక ఆఫ్రికాలో, అరేబియాలో, గ్రీసులో, మన పొరుగున విదర్భలోని గిరిజనేతరులలోనూ కనిపిస్తుంది.

అపోహ: నెత్తురు తక్కువైతే ఐరన్ మాత్రలు, కళ్లు పచ్చబడితే పసరు చాలు.

వాస్తవం: మామూలు ఎర్రకణం దాదాపు 120 రోజులు బతుకుతుంది, కొడవలి కణం 10 నుంచి 20 రోజుల్లోనే చితికిపోతుంది, రక్తహీనతకూ, పచ్చదనానికీ మూలం అదే. ఇనుము లోపం ఉందని పరీక్షలో తేలితేనే ఐరన్ ఇవ్వాలి. హైడ్రాక్సీయూరియా అనే మందును వైద్యుని పర్యవేక్షణలో వాడితే నొప్పి దాడులు తగ్గుతాయి. ప్లీహం దెబ్బతిన్న పసిపిల్లలకు జ్వరం వస్తే, మరునాటి వరకు చూడకుండా ఆ పూటే ఆసుపత్రికి తీసుకురావాలి.