కొట్టివేసిన సిద్ధాంతం, అమ్ముడవుతున్న నీళ్లు

తిరుపతిలో మా వీధిలోని ఒక ఇంట్లో, నీటి యంత్రాలు అమ్మే యువకుడు బల్ల మీద రెండు గాజు గ్లాసులు పెట్టాడు. ఒకదానిలో బోరు నీళ్లు, ఇంకొకదానిలో తన యంత్రం నుంచి పట్టిన నీళ్లు. రెండింటిలోనూ మూడేసి చుక్కల రంగుమందు వేశాడు. మొదటిది ఆకుపచ్చగా నిలిచింది, రెండోది ఊదారంగుకు తిరిగింది. ఈ నీటిలో అణువులు ఆరు మూలల గూళ్లుగా అమరాయట, తాగితే షుగరు దిగుతుందట. ఆ ఇంటావిడ పదేళ్లుగా షుగరు మాత్రలు వేసుకుంటున్నారు. నాకు భయం వేసింది అందుకే.

రంగు మారింది క్షారగుణం వల్ల. చిటికెడు వంటసోడా కలిపినా మారుతుంది. కానీ ‘అమరిక మారిన నీరు’ అనే మాట వెనుక పెద్ద కథే ఉంది.

1960ల మొదట్లో సోవియట్ శాస్త్రవేత్త ఫెద్యాకిన్, వెంట్రుకంత సన్నని గాజు గొట్టాలలో చిక్కగా మారిన నీటిని చూశాడు. మాస్కోలో డెర్యాగిన్ దాని మీద ఏళ్ల తరబడి పనిచేశాడు. 1969లో అమెరికన్ శాస్త్రవేత్తలు దాన్ని అణువుల అమరిక మారిన కొత్త రకం నీరనుకుని ‘పాలీవాటర్’ అని పేరు పెట్టారు. తర్వాత డెనిస్ రూసో అనే పరిశోధకుడు ఆట ఆడి వచ్చి, తన చొక్కా పిండి, ఆ చెమటను పరీక్షించాడు. పాలీవాటర్ లక్షణాలే కనిపించాయి! అది కొత్త నీరు కాదు, మలినాలు కలిసిన నీరు. 1973లో డెర్యాగిన్ స్వయంగా ఒప్పుకున్నాడు. ఆ నిజాయితీని నేను గౌరవిస్తాను.

1988లో ఫ్రాన్సులో బెన్వెనిస్త్ అనే పరిశోధకుడు నీటికి జ్ఞాపకశక్తి ఉందన్నాడు, అంటే ఒకప్పుడు తనలో కలిసిన పదార్థాన్ని అది గుర్తుంచుకుంటుందని. ఏ గొట్టంలో ఏముందో తెలియకుండా పరీక్షిస్తే ఆ ఫలితం నిలవలేదు. ఆరు మూలల అమరిక మంచులో నిజమే. ద్రవంలో మాత్రం అణువుల మధ్య బంధాలు సెకనులో లక్షకోట్లవ వంతు కాలంలోనే తెగి, మళ్లీ కలుస్తుంటాయి. గ్లాసు నుంచి గొంతు దాకా నిలిచే గూడు ఏదీ లేదు.

శాస్త్రం కొట్టివేసిన మాటను వ్యాపారం ఏరుకుంది. తీర్థాన్ని కళ్లకద్దుకుని పుచ్చుకునే ఊరు మనది. ఆ భక్తిని అమ్మకానికి వాడుకోవడం అన్యాయం. షుగరు నయమవుతుందని మందుకు ప్రకటన ఇవ్వడాన్ని 1954 నాటి చట్టమే నిషేధించింది.

చిత్తూరు ప్రాంతంలో నీళ్లంటే జనానికి ఉన్న భయం ఉత్తది కాదు. కొన్ని ఊళ్ల బోర్లలో ఫ్లోరైడ్ ఉంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీటిని ఏళ్ల తరబడి తాగితే పిల్లల పళ్లు గారపడతాయి, ఎముకలూ దెబ్బతింటాయి. అణువులకు కొత్త అమరిక వచ్చిందన్నంత మాత్రాన ఫ్లోరైడ్ పోదు. పటిక, సున్నంతో దాన్ని తగ్గించే ‘నల్గొండ పద్ధతి’ మన తెలుగు ఊరి పేరుతోనే ఉంది.

మాత్రలు ఆపవద్దని ఆవిడకు చెప్పి, ఆ బోరు నీళ్లు సీసాలో పట్టి పరీక్షకు పంపించాం.