మ్యాచ్‌లో చేతులాడని క్వార్టర్‌బ్యాక్: నేను రోజూ వినే అపోహలు, గ్రౌండ్‌లో చూసే వాస్తవాలు

నేను హ్యూస్టన్ చుట్టుపక్కల హైస్కూల్ ఫుట్‌బాల్ పిల్లలతో పనిచేస్తాను, ఎక్కువగా క్వార్టర్‌బ్యాక్‌లతో, వాళ్ళ చెయ్యి సంగతి కోచ్‌లు చూసుకుంటారు, బుర్ర సంగతి నేను చూస్తాను అన్నమాట. ఈమధ్య టీమ్‌లలో మన తెలుగు పిల్లలు కూడా కనిపిస్తున్నారు, దాంతో పేరెంట్స్ ఫోన్లు ఎక్కువయ్యాయి. అందరిదీ ఒకటే మాట, "మావాడు ప్రాక్టీస్‌లో బ్రహ్మాండంగా వేస్తాడండీ, మ్యాచ్‌లో వాడికేమవుతుందో అర్థం కాదు". ప్రతి ఒక్కరికీ గంటసేపు చెప్పే ఓపిక లేక ఇక్కడ రాసేస్తున్నా.

ఆట తెలీనివాళ్ళకి ఒక్క ముక్క. ఇది కాలితో తన్నే ఫుట్‌బాల్ కాదు, అమెరికన్ ఫుట్‌బాల్. బంతి చేతికి రాగానే అది ఎవరికి వెయ్యాలో తేల్చుకునేవాడు క్వార్టర్‌బ్యాక్, తేల్చుకోడానికి రెండున్నర సెకన్లు, మహా అయితే మూడు. ఆలోపు 120 కేజీల మనుషులు నలుగురో ఐదుగురో వాడి మీదకి వస్తుంటారు, వాడు మాత్రం వాళ్ళని చూడకూడదు, 20 గజాల అవతల పరిగెడుతున్న తన రిసీవర్లని చూడాలి. వెనక కుక్క తరుముతుంటే ఫోన్‌లో ఓటీపీ చదివి చెప్పమన్నట్టుంటుంది. ముందు ఐదుగురు లైన్‌మెన్ అడ్డుగోడలా నిలబడి వాడికి కాస్త జాగా చేసిపెడతారు, దాన్నే పాకెట్ అంటారు. ఇకముందు నేను చెప్పేదంతా ఆ కాస్త జాగాలో జరిగేదే.

అపోహ: నిదానం పుట్టుకతో రావాలి, నేర్చుకుంటే వచ్చేది కాదు.

దీనికి అందరూ చెప్పే ఉదాహరణ శాన్ ఫ్రాన్సిస్కో ఫార్టీనైనర్స్ క్వార్టర్‌బ్యాక్ జో మోంటానా. 1989 జనవరి సూపర్ బౌల్, అంటే ఎన్‌ఎఫ్‌ఎల్ అనే ఇక్కడి ప్రొఫెషనల్ లీగ్ ఫైనల్, సిన్సినాటి మీద ఫార్టీనైనర్స్ 16-13తో వెనకబడి ఉన్నారు, 3 నిమిషాల 10 సెకన్లుంది, 92 గజాలు పోవాలి, అప్పుడు మోంటానా తన లైన్‌మన్‌తో "అదిగో స్టాండ్స్‌లో ఉన్నది జాన్ క్యాండీ కదూ" అన్నాడు, సినిమా యాక్టర్‌ని చూపించి. ఇంకా 34 సెకన్లు ఉండగా టచ్‌డౌన్ (అవతలి టీమ్ చివరి గీత దాటి బంతి అందడం) వేసి 20-16తో గెలిపించాడు. ఇంతవరకు అందరికీ తెలుసు. కానీ అదే డ్రైవ్ (బంతి తమ చేతిలో ఉన్నంతసేపు చేసే వరస దాడి) మధ్యలో ఆ గోలలో అరిచి అరిచి ఊపిరి అందక మోంటానాకి కళ్ళు తిరిగాయి, బంతిని కావాలని బయటికి విసిరేశాడు, ఆ సంగతి ఆయనే తర్వాత చెప్పాడు. అంటే అందరూ మంచుముద్ద అనే మనిషికి కూడా ఒళ్ళు మొరాయించింది, మొరాయించినప్పుడు ఏం చెయ్యాలో ఆయనకి తెలుసు, ప్రమాదం లేనిచోటికి బంతి పారేసి తర్వాతి ప్లేకి, అంటే తర్వాతి ఎత్తుకి, వెళ్ళాడు. నా పిల్లలకి జాన్ క్యాండీ కథ చెప్పను, ఈ పారేసిన బంతి కథే చెప్తాను.

అపోహ: బెదురుతున్నాడంటే గుండెధైర్యం లేదని అర్థం.

ఇది వింటే నాకు ఒళ్ళు మండుతుంది. 2019 అక్టోబర్ 21 రాత్రి న్యూయార్క్ జెట్స్ క్వార్టర్‌బ్యాక్ శామ్ డార్నల్డ్, అప్పటికి రెండో ఏడాదే, న్యూ ఇంగ్లండ్ ప్యాట్రియట్స్ మీద 32 వేస్తే 11 అందాయి, 86 గజాలు, 4 ఇంటర్‌సెప్షన్లు (అంటే అవతలివాళ్ళు పట్టేసిన పాస్‌లు), 33-0తో ఓడారు. సైడ్‌లైన్లో కూర్చుని "నాకు దయ్యాలు కనిపిస్తున్నాయి" అన్నాడు, మైక్ పెట్టి ఉండటంతో దేశమంతా విన్నారు, ఏళ్ళ తరబడి ఏడిపించారు. సరిగ్గా ఎనిమిది రోజుల ముందు ఇతనే డాలస్ మీద 92 గజాల టచ్‌డౌన్ వేసి గెలిపించాడు! ఎనిమిది రోజుల్లో గుండె ఎక్కడికి పోతుంది చెప్పండి?

దయ్యాలు అనేది మా ఫీల్డ్‌లో మామూలు మాటే. లేని ఒత్తిడి ఉన్నట్టు కనపడటం, తాడుని చూసి పామనుకోవడం. కానీ ఆ రాత్రి ముందు వచ్చినవి నిజం పాములే, ప్యాట్రియట్స్ మాటిమాటికీ వెనక కాపలా కూడా పెట్టుకోకుండా, అడ్డుకునేవాళ్ళ కంటే ఎక్కువమందిని మీదకి తోలారు. నాలుగుసార్లు నిజంగా కరిచాక ఐదోసారి తాడు కూడా పామే, అది పిరికితనం కాదు, బుర్ర తన పని తాను చేస్తోంది.

ఇది బయటపడేది రెండుచోట్ల, కళ్ళలో, కాళ్ళలో. క్రికెట్ ఆడినవాళ్ళకి ఇట్టే అర్థమవుతుంది, బౌన్సర్ ఒకటి ఒంటికి తగిలాక బ్యాట్స్‌మన్ వెనక్కాలు తనకి తెలీకుండానే స్క్వేర్ లెగ్ వైపు జరుగుతుంది చూడండి, అదే ఇక్కడా. కుర్రాడి చూపు రిసీవర్ల మీంచి దిగి మీదకొచ్చేవాళ్ళ మీద పడుతుంది, పాదాలు కాలుతున్న ఇసుకలో ఉన్నట్టు టకటకా కదులుతాయి, పాకెట్ బాగానే ఉన్నా బయటికి పరిగెడతాడు, పరిగెత్తి తనే వెళ్ళి వాళ్ళ చేతిలో పడతాడు. అందుకే నేను పిల్లాడిని "భయమేస్తోందా" అని అడగను, ఏ వయసువాడైనా లేదనే అంటాడు. వీడియో పెట్టి సౌండ్ తీసేసి కాళ్ళు మాత్రమే చూపిస్తాను. ఏ ప్లే నుంచి కాళ్ళు మారాయో వాడే పట్టుకుంటాడు, చాలాసార్లు అది ఇంటర్‌సెప్షన్ అయిన ప్లే కాదు, దానికి రెండు మూడు ప్లేల ముందు గట్టిగా దెబ్బ తగిలిన ప్లే.

మందు కూడా అక్కడే. మీదకి దిండ్లతో, చీపుర్లతో మనుషులు వస్తుంటే (అవును చీపుర్లే, ఇంట్లోవే) చూపు పైనే ఉంచి, ఎవడు చెయ్యెత్తాడు, ఎన్ని వేళ్ళు చూపించాడు అని అరిచి చెప్పాలి. బంతి కూడా అక్కర్లేదు. వారానికి నాలుగు రోజులు, పది నిమిషాలు.

అపోహ: కాన్ఫిడెన్స్ పోయింది కాబట్టే శాక్‌లు పడుతున్నాయి.

తిరగేసి చదవండి. మా ఊరి కథే ఉంది, 2002లో హ్యూస్టన్ టెక్సన్స్ కొత్తగా పెట్టిన టీమ్, డ్రాఫ్ట్‌లో (కాలేజీ ఆటగాళ్ళని టీమ్‌లు వంతులవారీగా ఎంచుకునేది) మొట్టమొదట క్వార్టర్‌బ్యాక్ డేవిడ్ కార్‌ని తీసుకున్నారు, ఆ ఒక్క సీజన్లో 76 సార్లు బంతితో సహా నేలకి కొట్టించుకున్నాడు, శాక్ అంటే అదే, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఇప్పటికీ రికార్డ్ అది. 2005లో మళ్ళీ 68. ఆ మనిషికి పాకెట్‌లో నిదానం లేదని ఇక్కడి పాత ఫ్యాన్స్ ఇప్పటికీ అంటారు, ఎలా ఉంటుందండీ మరి? తిలా పాపం తలా పిడికెడు, లైన్‌ది కొంత, రిసీవర్లది కొంత, ప్లే పిలిచినవాడిది కొంత, బంతి మరీ ఎక్కువసేపు పట్టుకున్న క్వార్టర్‌బ్యాక్‌ది కూడా కొంత. స్కోర్‌బోర్డ్ మీద మాత్రం ఒక్కడి పేరే పడుతుంది. నా దగ్గరికి వచ్చే కేసుల్లో కొన్నిటికి నేను అక్కర్లేదు, లెఫ్ట్ టాకిల్‌ని (లైన్‌లో ఎడమ చివర కాపలా కాసేవాడిని) మారిస్తే చాలు, ఆ మాట కోచ్‌తో అంటే మాత్రం ఆయన మొహం మాడిపోతుంది.

డార్నల్డ్ కథలో మిగతా సగం కూడా ఇదే చెప్తుంది. జెట్స్ వదిలేశారు, కరొలైనాలో కుదర్లేదు, 2023లో శాన్ ఫ్రాన్సిస్కోలో బెంచ్ మీద కూర్చున్నాడు. 2024లో మినిసోటాలో మంచి రిసీవర్లు, తన బలాలకి తగ్గట్టు ప్లేలు రాసే కోచ్ దొరికేసరికి 14 మ్యాచ్‌లు గెలిచి 35 టచ్‌డౌన్లు వేశాడు. హమ్మయ్య మారిపోయాడు అనుకునేలోపు చివరి మ్యాచ్‌లో డెట్రాయిట్ చేతిలో 31-9, ప్లేఆఫ్‌లో రామ్స్ చేతిలో 27-9, ఆ ఒక్క మ్యాచ్‌లో 9 శాక్‌లు. మళ్ళీ అందరూ దయ్యాలు అన్నారు. మరుసటి ఏడాది సియాటిల్ వెళ్ళాడు, 2026 ఫిబ్రవరి సూపర్ బౌల్‌లో అదే ప్యాట్రియట్స్ మీద 29-13తో గెలిచారు, ఎంవీపీ (మ్యాచ్‌లో బెస్ట్ ప్లేయర్ అవార్డు) మాత్రం బంతి పట్టుకుని పరిగెత్తే రన్నింగ్ బ్యాక్‌కి వచ్చింది, అటువైపు క్వార్టర్‌బ్యాక్‌ని సియాటిల్ డిఫెన్సే ఊపిరాడనివ్వలేదు. ఇతను ఆ రోజు హీరో అవ్వాల్సిన అవసరమే పడలేదు, చూశారా.

అపోహ: తడబడుతున్నప్పుడు టెక్నిక్ మీద ఇంకా శ్రద్ధ పెట్టాలి.

సైడ్‌లైన్ మీంచి "మోచెయ్యి పైకి! కాలు ముందుకి!" అని అరిచే నాన్నలకి ఇది. ఒత్తిడిలో చేజారడం గురించి సైకాలజిస్ట్ రాయ్ బౌమైస్టర్ 1984లోనే రాశాడు, తర్వాత ఇంకో సైకాలజిస్ట్ సయన్ బైలాక్ గోల్ఫ్ పటింగ్ (బంతిని మెల్లగా గుంటలోకి కొట్టడం) మీద ప్రయోగాలు చేసింది. చెయ్యి తిరిగినవాళ్ళ చేత తమ కదలికల మీదే దృష్టి పెట్టిస్తే ఆట పాడవుతుంది, కొత్తగా నేర్చుకునేవాళ్ళకి మాత్రం అదే సాయపడుతుంది. మెట్లు దిగుతూ ఏ కాలు ఎక్కడ వేస్తున్నానా అని ఆలోచించి చూడండి, బోర్లా పడతారు. కాబట్టి మోచెయ్యి గొడవ మంగళవారం ప్రాక్టీస్‌లో పెట్టుకోండి, శుక్రవారం రాత్రి మ్యాచ్‌లో వద్దు. మ్యాచ్‌లో వాడికి బయటి ప్రశ్న ఒకటే ఇస్తాను, అవతలి టీమ్‌లో అందరికంటే వెనక కాపలా కాసే సేఫ్టీ ఎటు కదిలాడు? అంతే, చెయ్యి తన పని తాను చేసుకుంటుంది.

అపోహ: రిలాక్స్ అవ్వమని చెప్తే చాలు.

రిలాక్స్ అంటే ఎవరైనా రిలాక్స్ అయ్యారా ఎప్పుడైనా? ఆలిసన్ వుడ్ బ్రూక్స్ అనే పరిశోధకురాలు 2014లో చూపించింది, పాట పాడేముందు, స్పీచ్ ఇచ్చేముందు "నేను ప్రశాంతంగా ఉన్నా" అనుకున్నవాళ్ళ కంటే "నాకు హుషారుగా ఉంది" అనుకున్నవాళ్ళు బాగా చేశారు. దడదడలాడే గుండెని ఆపడం కష్టం, దాని పేరు మార్చడం తేలిక. ప్లేకి ప్లేకి మధ్య 40 సెకన్ల క్లాక్ ఉంటుంది, అందులో ఒక పొడుగాటి ఊపిరి వదలడానికి టైమ్ ఉంది, తీసుకోవడం కాదు, వదలడం.

అపోహ: బెంచ్ మీద కూర్చోబెడితే పిల్లాడు ఇక లేవడు.

కొందరు లేవరు, నిజమే. క్వార్టర్‌బ్యాక్ బ్రైస్ యంగ్ లేచాడు. 2023లో డ్రాఫ్ట్‌లో మొట్టమొదట తీసుకున్నారు, మొదటి ఏడాది 62 శాక్‌లు, టీమ్ గెలిచింది 2 మ్యాచ్‌లే, 2024లో రెండు మ్యాచ్‌లు ఆడించి పక్కన పెట్టేశారు, పరువు మొత్తం పోయింది. తర్వాత అతని చోట ఆడుతున్న ఆండీ డాల్టన్‌కి కార్ యాక్సిడెంట్‌లో బొటనవేలు బెణికితే అక్టోబర్లో మళ్ళీ దింపారు, సీజన్ చివరికి అట్లాంటా మీద 44-38తో ఓవర్‌టైమ్‌లో గెలిపించాడు. పక్కన కూర్చున్నప్పుడు మీదకి ఎవరూ రారు, ఆట నెమ్మదిగా కనపడుతుంది. కాకపోతే ఎందుకు కూర్చోబెట్టారో, ఏం చేస్తే మళ్ళీ ఆడిస్తారో చెప్పాలి. చెప్పకుండా కూర్చోబెడితే అది శిక్షే, నేను ఒప్పుకోను.

అపోహ: తప్పుని వెంటనే మర్చిపోవాలి.

మర్చిపోతే మళ్ళీ అదే వేస్తాడు. ప్యాట్రియట్స్ క్వార్టర్‌బ్యాక్ టామ్ బ్రేడీ 2017 సూపర్ బౌల్‌లో వేసిన బంతిని అట్లాంటావాడు పట్టుకుని 82 గజాలు పరిగెత్తి టచ్‌డౌన్ చేశాడు, ఆ తర్వాత అట్లాంటా 28-3 దాకా వెళ్ళింది, అయినా బ్రేడీ టీమే 34-28తో గెలిచింది. సైడ్‌లైన్లో టాబ్లెట్‌లు పెట్టేది ఎందుకు మరి, ఆ ఫొటోలు చూసుకోడానికే. నా పిల్లలకి మూడు ప్రశ్నలు. నాకేం కనపడింది? నిజంగా అక్కడేముంది? మళ్ళీ అదే వస్తే ఎటు వేస్తా? మూడింటికీ జవాబు చెప్పాకే నీళ్ళు తాగాలి. ఏడవాలనిపిస్తే ఆదివారం ఏడవచ్చు.

అపోహ: "నువ్వే బెస్ట్ రా" అంటూ ఉంటే కాన్ఫిడెన్స్ వస్తుంది.

పదహారేళ్ళవాడికి తను ఎలా ఆడాడో మీకంటే బాగా తెలుసు. ఊరికే పొగిడితే మీ మాట మీద నమ్మకం పోతుంది, అంతే. మూడు చిన్న పాస్‌లు వరసగా అందాయనుకోండి, నమ్మకం దానంతట అదే వస్తుంది, అందుకే తడబడేవాడికి మొదట్లో ఐదారు గజాల తేలిక పాస్‌లే పిలవమని కోచ్‌లని బతిమాలుతుంటాను.

పోయిన సీజన్లో మనవాళ్ళ అబ్బాయి ఒకడు, మూడు ఇంటర్‌సెప్షన్లు వేసిన రాత్రి, కార్లో ఇంటిదాకా వాళ్ళ నాన్న ఒక్కో ప్లే గురించి క్లాస్ పీకాడట, వాడు తర్వాత రెండు వారాలు ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేదు. "మరి ఏం మాట్లాడమంటారండీ" అని ఆయన నా మీదే విసుక్కున్నాడు. ఏం తింటావ్ రా అని అడగండి, అది తప్ప ఇంకేం వద్దు అన్నాను. ఆయన నమ్మలేదు, కానీ చేశాడు. నాలుగో శుక్రవారం రాత్రి పదకొండున్నరకి నాకు మెసేజ్, ఓడిపోయారట. డ్రైవ్‌త్రూ లైన్లో బర్గర్ కోసం ఆగి ఉంటే వెనక సీట్లోంచి వాడే మొదలెట్టాడట, "నాన్నా, రెండో క్వార్టర్లో ఆ బంతి ఉంది కదా, సేఫ్టీ కిందకి దిగడం నేను చూశా, చూసి కూడా వేశా" అని.