నానబెట్టిన కొద్దీ వెనీలా ఘాటెక్కుతుందా?

“వెనీలా కాయలు వోడ్కాలో వేసి ఆరు నెలలైంది. ఘాటు పెరగడం ఎప్పుడో ఆగిపోయింది. ఇంకో ఆరు నెలలు ఉంచనా?” అని ఒక పాఠకురాలు అడిగారు. అక్కర్లేదండీ. ఆరేళ్లు ఉంచినా ఆ సీసాలో వెనిలిన్, అంటే వెనీలాకు ముఖ్యమైన సువాసననిచ్చే పదార్థం, పెరగదు. ఎందుకు పెరగదన్నది నాకు చాలా ఇష్టమైన సంగతి.

కాయ లోపలి భాగాన్ని కిక్కిరిసిన గది అనుకోండి. చుట్టూ ఉన్న ఆల్కహాల్ ఖాళీ హాలు. మధ్యలో తలుపు బార్లా తీసి ఉంది. ఎవరూ ఎవరినీ తోయక్కర్లేదు. ఎవరికి తోచినట్టు వాళ్లు తిరుగుతుంటే చాలు, గదిలోంచి హాల్లోకి వచ్చేవాళ్లే ఎక్కువగా ఉంటారు. కాసేపటికి రెండు చోట్లా రద్దీ ఒకటే అవుతుంది. అప్పుడూ రాకపోకలు ఆగవు, కానీ బయటికి ఎంతమంది వస్తున్నారో లోపలికి అంతమందే వెళ్తుంటారు. వెనిలిన్ అణువుల సంగతీ ఇదే. దీన్ని సమతాస్థితి అంటారు. బడిలో ద్రావణీయత పేరుతో ఒక అంకె బట్టీ పట్టించి వదిలేస్తారు. ఈ ఆగని రాకపోకల గురించి చెబితే పిల్లలకు రసాయన శాస్త్రం మీద భయం సగం పోతుంది.

ఇప్పుడు లెక్క చూద్దాం. అమెరికా ఆహార నియమాల ప్రకారం, ఇలా కాయలు ఆల్కహాల్‌లో నానబెట్టి తీసే సారానికి, అంటే మామూలు ఎక్స్‌ట్రాక్ట్‌కు లీటరుకు సుమారు 100 గ్రాముల కాయలు వాడాలి, ఆల్కహాల్ 35 శాతానికి తగ్గకూడదు. మంచి కాయలో వెనిలిన్ 2 శాతం దాకా ఉంటుంది. అంటే 100 గ్రాముల్లోది మొత్తం బయటికొచ్చినా లీటరుకు 2 గ్రాములే. ఉత్త నీళ్లే లీటరుకు 10 గ్రాముల వెనిలిన్‌ను కరిగించుకోగలవు! హాల్లో బోలెడంత చోటుంది, గదిలోనే జనం అయిపోయారు.

మరి నీళ్లు సరిపోవా? సరిపోవు. వెనీలా సువాసనలో వెనిలిన్‌తో పాటు వందలాది పదార్థాలుంటాయి. వాటిలో చాలావాటికి, ముఖ్యంగా రెజిన్లనే జిగురులకు, నీళ్లంటే పడదు. పైగా ఉత్త నీళ్లలో కాయ కుళ్లిపోతుంది. అలాగని 95 శాతం ఆల్కహాల్ పోస్తే అది కాయలోని తడిని లాగేసి దాన్ని బిరుసుగా చేస్తుంది. 35–40 శాతం దగ్గర కాయ ఉబ్బి దారులు తెరుచుకుంటాయి, జిగురులూ కరుగుతాయి.

కాయను నిలువునా చీల్చి ముక్కలు చేస్తే పని త్వరగా అవుతుంది. వ్యాపనానికి, అంటే అణువులు అలా తిరుగుతూ విస్తరించడానికి, పట్టే సమయం దూరం వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి, అణువు దాటాల్సిన మందం సగమైతే సమయం నాలుగో వంతుకు పడిపోతుంది. వేడి కూడా వేగం పెంచుతుంది కానీ దయచేసి స్టవ్ జోలికి వెళ్లకండి. 40 శాతం ఆల్కహాల్ ఆవిరి 26 డిగ్రీల దగ్గరే మంట తగిలితే అంటుకోగలదు. ఇంతా చేసి ఇవన్నీ వేగాన్ని మాత్రమే పెంచుతాయి. ఘాటు మారదు.

రంగు నల్లబడితే ఘాటెక్కినట్టే అని చాలామంది గట్టిగా నమ్ముతారు. కానీ వెనిలిన్ తెల్లటి పదార్థం, కరిగినా రంగు ఇవ్వదు. మేలైన కాయను వెలుతురులో తిప్పి చూస్తే సన్నటి సూదుల్లా మెరిసే స్ఫటికాలు ఒక్కోసారి కనిపిస్తాయి. బూజనుకొని పారేస్తుంటారు, అది అచ్చమైన వెనిలిన్! ఆ గోధుమ రంగంతా కాయలు పక్వమయ్యేటప్పుడు ఏర్పడిన వేరే పదార్థాలది.

ఘాటు కావాలంటే పాత కాయలు తీసేసి, అదే ద్రవంలో మళ్లీ 100 గ్రాముల కొత్త కాయలు వేయండి. ద్రవంలో ఉన్నది లీటరుకు 2 గ్రాములు, కొత్త కాయలో ఉన్నది కిలోకు 20 గ్రాములు. అంత తేడా ఉంది కాబట్టి వెనిలిన్ మళ్లీ బయటికే నడుస్తుంది. ఇది రెట్టింపు ఎక్స్‌ట్రాక్ట్.

తీసేసిన కాయలు కూడా ద్రవాన్ని పీల్చుకొని ఉంటాయి. 100 మిల్లీలీటర్లు పీల్చుకున్నాయనుకుంటే, సుమారు పదో వంతు వెనిలిన్ వాటిలోనే మిగిలిపోయినట్టు. వాటి మీద కొత్త ఆల్కహాల్ పోసి ఉంచండి. పలచటి ద్రవం వస్తుంది. మళ్లీ ఎక్స్‌ట్రాక్ట్ పెట్టినప్పుడు తాజా కాయల మీద ఆ ద్రవాన్నే పోయండి. అరిగిన కాయకు ఖాళీ ద్రవం, నిండు కాయకు నిండిన ద్రవం అన్నమాట. కాయల్లో పావు వంతు దాకా నీరుంటుంది కాబట్టి, రెండు విడతల్లో 200 గ్రాములు వేస్తే లీటరు వోడ్కాలోకి 50 మిల్లీలీటర్ల నీరు చేరొచ్చు. 40 శాతం ఆల్కహాల్ 38కి దిగుతుంది. అయినా 35కి పైనే ఉంటుంది, చెడిపోదు.